టెన్త్ తర్వాత సౌండ్ ఇంజనీర్ కావాలంటే ఏ గ్రూప్ తీసుకోవాలె?

బాన్సువాడ నుంచి మాట్లాడుతున్నా. మస్తుమంది అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, నాకు పాటల రికార్డింగ్, మిక్సింగ్ అంటే పిచ్చి. టెన్త్ అయిపోయింది. ఏం చదవాలె?" ఇంట్లో చెప్తేనేమో "ఏంది, బరాత్‌లో డీజే కొడ్తవా?" అంటరు.

ఉన్నమాట చెప్తా. మన హైస్కూళ్లలో మ్యూజిక్ టెక్నాలజీ అనే సబ్జెక్టు లేదు. ఇంగ్లండ్‌లో మన ఇంటర్ వయసు పిల్లలకు ఏ-లెవెల్‌లో అదొక సబ్జెక్టు. పాటను ట్రాకులుగా రికార్డ్ చేసి, మిక్స్ చేసి ఇస్తే దానికి కూడా మార్కులు పడతాయి. మన సీబీఎస్‌ఈలో సంగీతం ఉంది గానీ, అది గాత్రం, వాద్యం. మైకు, మిక్సింగ్ ముచ్చట కాదు.

కానీ సగం సిలబస్ మీ సంచిలోనే ఉంది. తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రంలో 'ధ్వని' పాఠం గుర్తుందా? పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేసినదే. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుందని చదివాం కదా. ఇప్పుడు మీ ఫోన్‌లో రికార్డింగ్ యాప్ సెట్టింగ్స్ తెరవండి. 44,100 అనో 48,000 అనో కనిపిస్తుంది. సెకనుకు అన్నిసార్లు ధ్వనిని కొలుస్తున్నారని అర్థం. అంత పెద్ద అంకె ఎందుకు? ఒక పౌనఃపున్యాన్ని సరిగా పట్టాలంటే దానికి రెండింతలకు మించి కొలతలు కావాలె. 20,000కు రెండింతలు 40,000, పైన కొంచెం జాగా. సీడీలకు 44,100 వాడారు, వీడియోకు 48,000 వాడతారు. పాఠంలోని అంకె, యాప్‌లోని అంకె చుట్టాలే.

ప్రతిధ్వని లెక్క కూడా అంతే. గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉంటేనే మన మాట వేరుగా తిరిగి వినిపిస్తుంది. మన గదులు అంత పెద్దవి కావు కాబట్టి, స్లాబుకు, టైల్స్‌కు తగిలిన శబ్దం అసలు గొంతులోనే కలిసిపోయి డబ్బాలో పాడినట్టు వస్తుంది. పుస్తకంలో దాని పేరే ప్రతినాదం. దీనికి పదివేల మైకు కొన్నా లాభం లేదు. గోడలకు బొంతలు వేలాడదీయండి, బట్టల బీరువా తెరిచి దాని ముందు పాడండి. మన దిక్కు వడ్ల బస్తాలు పేర్చిన గదులుంటాయి, అవీ పనికొస్తాయి. దుమ్ముకు దగ్గు రాకుండా చూస్కోండి మరి!

ఫ్యాన్ బంద్ చేసి, ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టండి. మీటర్ సున్నా డెసిబెల్స్‌కు తగలొద్దు. పెద్దగా పాడినప్పుడు కూడా మైనస్ 6 దగ్గర ఆగితే మంచిది. సున్నా దాటితే అల తలకాయ తెగిపోతుంది, గొంతు గరగరలాడుతుంది. తర్వాత సౌండ్ ఎంత తగ్గించినా ఆ గరగర పోదు. ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్, కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితంగానే దొరుకుతాయి, నేర్చుకోవడానికి చాలు.

ఇక గ్రూప్ సంగతి. పేరులో ఇంజనీర్ ఉంది గానీ దీనికి బీటెక్ తప్పనిసరి కాదు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సౌండ్ కోర్సుకు ఏ డిగ్రీ అయినా సరే, కానీ ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలనే నిబంధన ఉంటూ వస్తోంది. అప్లై చేసే ఏడాది నోటిఫికేషన్ మాత్రం చూస్కోండి. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సౌండ్ మిక్సింగ్‌కు 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి అక్కడే చదివాడు. ఆయనది కేరళలో ఒక పల్లెటూరు.

అందుకే, "పాటలకు లెక్కలు, సైన్సు ఎందుకు" అని సీఈసీలో చేరేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఎంపీసీ, బైపీసీ రెండిట్లోనూ ఫిజిక్స్ ఉంది. సీఈసీ, హెచ్‌ఈసీలో లేదు. అవి తక్కువ గ్రూపులని కాదు. సీఈసీ చదివి ప్రైవేట్ డిప్లొమాతో స్టూడియోలో చేరొచ్చు. కానీ తక్కువ ఫీజుండే సర్కారు కోర్సు తలుపు పదహారేళ్లకే మూసుకుపోవచ్చు. ఇంట్లో మాట్లాడేటప్పుడు "నేను డీజే అయితా" అనకుండా "ఎంపీసీ తీసుకుంటా" అని మొదలుపెట్టండి. నాయిన టీవీ సౌండ్ తగ్గించి మీ మాట వింటడు.