పింఛను సరే, సేవ యేది?

కరీంనగరు పల్లెలలో గీత కార్మికుడు తాటిచెట్టునుండి జారిపడెనను వార్త పత్రికలలో రెండు పంక్తులతో ముగియును. ప్రాణము దక్కి వెన్నెముక విరిగినవాని కష్టము అక్కడనుండియే ఆరంభమగును. ఒత్తిడిపుండ్లు పడకుండ ఒత్తిగిలుట, చక్రాల కుర్చీలోనికి తానుగా మారుట, కూర్చుండి చేయదగిన పని నభ్యసించుట, ఇవన్నియు నేర్పువారు కావలెను. నేర్పువారు లేనిచో ఇల్లాలే నర్సు, నులకమంచమే లోకము. పక్షవాతము వచ్చినవారి గతియు నింతియే. ఆ వ్యాధి భూస్వామి యని, కూలి యని చూడదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 2014లో ఆసరా పథకమున వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు నిర్ణయించిరి. 2019లో 3,016గను, 2023లో 4,016గను పెంచిరి. చెట్టెక్కువారికి కాటమయ్య రక్షణ కవచము పేర 2024లో సామగ్రి పంచనారంభించిరి. మెచ్చదగిన పనులే. అయినను పింఛను కడుపు నింపునుగాని కాలు కదల్పదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, తన 27వ సెక్షనున, పునరావాస సేవలు కల్పించు భారమును ప్రభుత్వములమీదను, స్థానిక సంస్థలమీదను ఉంచినది. కాని ఆర్థిక శక్తికి లోబడి యను మాట నొకదానిని అందు చేర్చిరి. నిజాము కాలమున శిస్తు గుంజునపుడు రైతు ఆర్థిక శక్తి నెవరు విచారించిరి? ఇక కేంద్రపు దీనదయాళ్ పునరావాస పథకమున గ్రాంటు స్వచ్ఛంద సంస్థలద్వారా వచ్చును. దరఖాస్తు వ్రాయగల సంస్థ యున్నచోటికే సొమ్ము నడచును. హైదరాబాదున అట్టి సంస్థలకు కొదువ లేదు. ఉట్నూరు, తిర్యాణి గూడెములలోని గోండు బిడ్డకొరకు దరఖాస్తు వ్రాయువారెవరు?

2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. పాత కరీంనగరును చీలినది. కలెక్టరు కచేరి దగ్గరకు వచ్చెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మాత్రము డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు ఉందురే గాని ఫిజియోథెరపిస్టు ఉండుట మామూలు కాదు. భవిత కేంద్రములు బడియీడు పిల్లలకే. పెద్దవారు పెద్ద ఆసుపత్రికై ఆదిలాబాదునుండి హైదరాబాదు చేరవలెనన్న సుమారు 300 కిలోమీటర్లు; అదియు ఒకసారి పోయివచ్చిన చాలదు, నెలల తరబడి అభ్యాసము సాగవలెను. బస్సు మెట్లెక్కలేనివానికి ఇది వైద్యమా, శిక్షయా?

గ్రామస్థులకే తర్ఫీదునిచ్చి ఇంటివద్దనే సేవ చేయించు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1978 నాటి ఆల్మా ఆటా సభ తరువాత ప్రచారము చేసినది. మనకు ప్రతి గ్రామమున ఆశా కార్యకర్త యున్నది. ఆమెకు తర్ఫీదు, అదనపు వేతనము, ఆమెను నడిపించుటకు మండలమున కొక ఫిజియోథెరపిస్టు — మేము కోరునది ఇంతే. ఇది గ్రాంటుగా గాక, ఏటేటా నిలిచియుండు పద్దుగా బడ్జెటున చేరవలెను.

కార్మికుడు జారిపడు తాటిచెట్లలో అనేకము మన గట్లమీదివే. వచ్చు గ్రామసభలో కాలువలు, రోడ్లు అడుగునపుడు, మంచము పట్టినవారెందరో లెక్క వ్రాయించి, ఈ పద్దును తీర్మానమున చేర్పింపుడని పట్టాదారులను కోరుచున్నాము.