రొయ్యలో ఎంత డి.ఎన్.ఏ.? జీనోమ్ పరిమాణం, పరిణామం

ఢిల్లీకి పశ్చిమంగా, జాతీయ రాజధాని ప్రాంతంలోనే ఉన్న రోహ్‌తక్ జిల్లాకు సముద్రం చాలా దూరం. అయినా అక్కడి లాహ్లీలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ కేంద్రంలో వన్నామీ రొయ్యను పెంచి చూపారు. భూగర్భజలం ఉప్పుగా మారి పైరు పండని నేలకు ఇది ఒక దారి. సముద్రపు రొయ్య ఇంత భిన్నమైన నీటిలో ఎలా బతుకుతుంది? ఈ ప్రశ్న మనల్ని దాని జీనోమ్ దగ్గరకు తీసుకుపోతుంది.

ఒక జీవి బీజకణంలో ఉండే మొత్తం డి.ఎన్.ఏ.ను జీనోమ్ అంటాం. దాని పరిమాణాన్ని క్షార జంటల్లో లెక్కిస్తాం. కేంద్రకంలోని డి.ఎన్.ఏ.కు మెరిసే రంగు పట్టించి, ఆ మెరుపును పరిమాణం ముందే తెలిసిన మరో జీవి కణాల మెరుపుతో పోలుస్తారు. అలా వచ్చే బరువును పికోగ్రాముల్లో చెబుతారు. ఒక పికోగ్రాము అంటే దాదాపు 97.8 కోట్ల క్షార జంటలు.

ఒక్కో క్షార జంట ఒక్కో అక్షరం అనుకోండి. పది లక్షల అక్షరాలతో ఒక పుస్తకం అచ్చువేస్తే మనిషి జీనోమ్ సుమారు 3,100 పుస్తకాలు, వన్నామీది సుమారు 2,450 పుస్తకాలు అవుతుంది. రొయ్యలకు దూరపు బంధువైన అంటార్కిటిక్ క్రిల్ జీనోమ్ 2023లో వెలువడింది. అది 48,000 పుస్తకాలు! అంటే మనిషి కంటే పదిహేను రెట్లు. మరి క్రిల్ మనకంటే పదిహేను రెట్లు సంక్లిష్టమైన జీవా? కాదు. జీనోమ్ పరిమాణానికీ జీవి సంక్లిష్టతకూ పొంతన లేకపోవడాన్నే 'సి-విలువ వైరుధ్యం' అంటారు.

మరి ఈ తేడా ఎక్కడిది? జన్యువుల సంఖ్యలో కాదు, పునరావృత భాగాల్లో ఉంది. క్రిల్ జీనోమ్‌లో ఇవి 92 శాతం. వీటిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి, తమ నకళ్లను తామే తయారుచేసుకుని జీనోమ్‌లో వేరేచోట చేరే 'గెంతే జన్యువులు'. రెండోది, రెండు మూడు అక్షరాలే వరుసగా పదేపదే వచ్చే సరళ పునరావృతాలు. మనిషిలో ఇవి సుమారు 3 శాతం. 2019లో ప్రచురితమైన వన్నామీ జీనోమ్‌లో దాదాపు 24 శాతం.

ఇవన్నీ పనికిరానివా? తొందరపడి అలా అనకండి. ఇవి పక్కనున్న జన్యువుల పనితీరును మార్చగలవనీ, నీటి ఉప్పదనంలోని మార్పులకు రొయ్యలు అలవాటుపడటంలో వీటికి పాత్ర ఉందనీ 2021లో ఒక అధ్యయనం సూచించింది. అదే ఏడాది సినాల్ఫియస్ అనే చిటికె రొయ్యలపై మరో ఫలితం వచ్చింది. తేనెటీగల్లా రాణితో గుంపుగా జీవించే జాతుల్లో జీనోమ్‌లు పెద్దవిగా, గెంతే జన్యువులు ఎక్కువగా ఉన్నాయి. గుంపులో సంతానం కనేవి కొన్నే. అలాంటి చోట స్వల్పంగా హాని చేసే అదనపు డి.ఎన్.ఏ.ను ఏరివేయడంలో ప్రకృతివరణం బలహీనపడుతుంది. అందుకే ఆ సరుకు పోగుపడి ఉండవచ్చు.

ఇక మన అవసరానికి వద్దాం. 1990లలో తెల్లమచ్చల వ్యాధి ఆంధ్ర తీరంలోని టైగర్ రొయ్యల చెరువులను దెబ్బతీసింది. 2009లో విదేశీ జాతి వన్నామీకి అనుమతి లభించింది. వ్యాధిని తట్టుకునే, బాగా ఎదిగే స్వదేశీ రొయ్యను ఎంపిక చేసి పెంచాలంటే దాని జీనోమ్ పటం చేతిలో ఉండాలి. అయితే ఒకే వాక్యం వేలసార్లు వచ్చే పుస్తకాన్ని చించేస్తే, ఏ ముక్క ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? పునరావృతాలు పెట్టే చిక్కు ఇదే. ముక్కలు పొడవుగా ఉంటే రెండు చివరలనూ చూసి స్థానం గుర్తించవచ్చు. ఇలా పొడవైన ముక్కలను చదివే పద్ధతులు వచ్చాకే, చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థ శాస్త్రవేత్తలు మన తెల్ల రొయ్య పీనియస్ ఇండికస్ జీనోమ్‌ను కూర్చి 2022లో ప్రచురించారు. దాని పొడవు 193 కోట్ల క్షార జంటలు.

పటం దొరికింది. దాన్ని చదివి, మన చెరువులకు తగిన రొయ్యను ఎంచుకోవడం ఇక మీ తరం పని.