ముందున్న సున్నా



మన కంప్యూటర్ గదిలోని లినక్స్ కంప్యూటర్‌లో మా అమ్మమ్మ చెప్పిన కోయ మాటలు ఒక ఫైలులో దాస్తున్నాను. నీళ్ళను మేము ‘ఏరు’ అంటాం, అట్లాంటివి. అమ్మమ్మకు రాయడం రాదు. ఆమె మాటలు రాసి ఉన్నది ఆ ఒక్క చోటే. పేజీలో మాట టైపు చేస్తే ఫైలులో చేర్చే పని పి.హెచ్.పి. చేస్తుంది. అది సర్వర్‌లో నడిచే భాష. గ్రీన్లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ దాన్ని 1995లో బయటపెట్టాడు.

పోయిన నెల ఎవరో వేరే లాగిన్ నుంచి ఫైలు తెరిచి సగం మాటలు చెరిపేశారు. ఏడుపొచ్చింది. కానీ తలుపు తీసి పెట్టింది నేనే. నా లాగిన్ నుంచి కూడా దిద్దుకోవాలని, ఎక్కడో చూసిన 0777ను అర్థం కాకుండానే ఎక్కించాను. అంటే అందరికీ అన్నీ!

ఆ లెక్క ఏందంటే, ఫైలును ట్రంకు పెట్టె అనుకోండి. మొదటి అంకె పెట్టె గలామెకు, రెండోది ఆమె గుంపుకు, మూడోది మిగతా అందరికీ. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఇచ్చినవి కూడాలి. 644 అంటే యజమానికి 4+2, మిగతావాళ్ళకు చదవడమే.

మార్చే ఆజ్ఞ పేరు సీహెచ్‌మోడ్. బ్రాకెట్లో ఫైలు పేరు, కామా, అంకె. లెక్కల్లో ముందు సున్నాకు విలువ లేదు కదా అని తీసేసి, ఉత్త 644 కొట్టాను. పేజీలో ఒక్క మాట కూడా రాలేదు.

సారు చూసి, “సున్నా ఏదమ్మా?” అన్నారు. సున్నా ఉంటేనే ఎనిమిదుల లెక్క, లేకపోతే మన పదుల లెక్క. పదుల 644 ఎనిమిదుల్లో 1204 అవుతుంది. (భాగించి చూడండి, నేను చూశాను.) ముందున్న 1 వేరే సంగతి. మిగిలిన 204లో యజమానికి 2, రాయొచ్చు గానీ చదవకూడదు. పరాయివాళ్ళకు 4, చదవొచ్చు! సొంత ఇంట్లో మనమే గడప బయట నిలబడ్డట్టు.

0644 అని దిద్దాను. ఇది యజమాని, లేకుంటే రూట్ మాత్రమే చేయగలరు. రూట్ అంటే అన్ని తాళాలూ ఉన్న మన వార్డెన్ మేడం లాంటిది. ఆ ఫైలును పుట్టించింది పి.హెచ్.పి. గనుక యజమాని వెబ్ సర్వరే. అందుకే నా లాగిన్ నుంచి కుదరక, పి.హెచ్.పి.తోనే మార్చాను.

పోయిన మాటలు సెలవుల్లో ఊరికి పోయి అమ్మమ్మను మళ్ళీ అడగాలి. ఈసారి నోటుబుక్కులో కూడా రాసుకుంటాను.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని, టేకులపల్లి