మూతికి గూడ కట్టుకున్న పక్షి

గూడబాతు పేరులో బాతు ఉన్నా అది బాతు కాదు, కొంగలకు దగ్గరి చుట్టం. పేరులోని మొదటి సగం మాత్రం సరిగ్గా అతికింది. గూడ అంటే వెనుకటి రోజుల్లో ఇద్దరు మనుషులు చెరో పక్క తాళ్లు పట్టి ఊపుతూ కాలువలోంచి చేనుకు నీళ్లు తోడిన బుట్ట. ఈ పక్షి కింది ముక్కుకు వేలాడే తోలుసంచి చేసే పనీ అదే. ఇంగ్లిషులో దీన్ని పెలికాన్ అంటారు. ప్రపంచంలో ఎనిమిది జాతులున్నాయి. తెలుగునాట గూళ్లు కట్టి పిల్లల్ని లేపేది మచ్చల ముక్కు గూడబాతు. పై ముక్కు అంచు వెంట వరసగా నల్లని చుక్కలుంటాయి, అదే దాని గుర్తు. ఒళ్లు బూడిద కలిసిన తెలుపు, బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు, ముక్కు ఒక్కటే అడుగు పొడవు.

ఆ సంచిలో చేపలు దాచుకుని తిరుగుతుందన్నది చాలామంది అపోహ. నిజానికి సంచి వల మాత్రమే, దాచుకునే బుట్ట కాదు. ముక్కు నీటిలో ముంచగానే కింది దవడ ఎముకలు రెండూ విల్లులా పక్కలకు వంగుతాయి, సంచి ఉబ్బి నీళ్లతోపాటు చేపల్నీ లాగేసుకుంటుంది. అంత నీరు మోస్తూ తల పైకెత్తడం కుదరదు. అందుకే ముక్కు కిందికి వాల్చి, నీరంతా అంచుల్లోంచి కారిపోయేదాకా ఓపిగ్గా ఆగుతుంది. ఆ తర్వాతే తల ఒక్కసారి పైకి విసిరి చేపను మింగుతుంది. సంచికి అడ్డం రాకుండా నాలుక నామమాత్రంగా ఉంటుంది. ఎండ ముదిరితే అదే సంచిని గబగబా ఆడించి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. తెల్ల గూడబాతులు గుంపుగా అర్ధచంద్రాకారంలో ఈదుతూ చేపల్ని ఒడ్డుకు తరిమి పడతాయి. మచ్చల ముక్కుది ఎక్కువగా ఒంటరి వేట.

ఇంత భారీ పక్షి ఎగరడమే వింత అనిపిస్తుంది. ఎముకల్లోనూ చర్మం కిందా గాలి నిండి ఉండడం దానికి సాయం. నాలుగు కాలివేళ్లనూ కలుపుతూ తోలు ఉంటుంది. రెండు కాళ్లతో ఒకేసారి నీటిని తంతూ కొంతదూరం పరుగెత్తి పైకి లేస్తుంది. లేచాక శ్రమ లేదు. వేడిగాలి మీద రెక్కలు చాపి, మెడ వెనక్కి ముడిచి, గంటల తరబడి తేలుతుంది.

దానికి కావలసింది నిలకడైన నీరు, చేప, దగ్గర్లో గూడుకు చెట్టు. బొర్రా గుహల దగ్గర పుట్టే గోస్తని నదిలో రాళ్ల మీద ఉరికే నీరు ముక్కు ముంచి తోడడానికి పనికిరాదు. అందుకే అనంతగిరి, అరకు కొండల కంటే ఉత్తరాంధ్ర తీరపు చిత్తడి నేలలే దీనికి అనువు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో ఏటా సెప్టెంబరు దాటాక గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగి, ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఏటా వార్తల్లో చదువుతాం. మచ్చల ముక్కు గూడబాతు సైబీరియాలో పిల్లల్ని చేయదు. అది భారత్, శ్రీలంక, కంబోడియా లాంటి దేశాల పక్షి. నీరు, చేప ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంది. ఈ విషయంలో తేలినీలాపురం వాళ్ల మాటే నిజానికి దగ్గర. కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలని అంటారు వాళ్లు. పక్షులు రాని ఏడు వానలుండవనీ అనుకుంటారు. చెరువులు నిండని ఏడు చేప ఉండదు, చేప లేనిచోట గూడు కట్టదు కనుక ఆ నమ్మకం మరీ ఆధారం లేనిది కాదు.

సాధారణంగా మూడు నాలుగు గుడ్లు, నెల రోజుల పొదుగు. పిల్ల తలా మెడా తల్లి గొంతులోకి దూర్చి, సగం అరిగిన చేపను లాక్కుని తింటుంది. దూరం నుంచి చూస్తే తల్లే పిల్లను మింగుతున్నట్టుంటుంది. పెద్దవి దాదాపు మూగవే, గోలంతా పిల్లలది.

ఐరోపావాళ్లు దీన్ని మరోలా చూశారు. పిల్లలకోసం రొమ్ము చీల్చుకుని నెత్తురు తాగిస్తుందని మధ్యయుగాల్లో నమ్మి, క్రీస్తు త్యాగానికి గుర్తుగా చర్చిల్లో చెక్కారు. అమెరికాలోని లూసియానా రాష్ట్ర జెండా మీద ఇప్పటికీ ఆ బొమ్మే. సంచి ఖాళీ చేయడానికి ముక్కును రొమ్ముకు అదమడం చూసి ఆ కథ అల్లుకుని ఉంటారు. బెంగాల్ జాలరులు దీని ఒంటి నూనెకు చేపలు మూగుతాయని నమ్మి, మచ్చిక చేసి పడవల్లో పెంచారు.

తెలుగునాట ఇది పోగొట్టుకున్న తావులు తక్కువేం కాదు. 1902లో కడప జిల్లా బుచ్చుపల్లెలో కనిపించిన స్థావరం మళ్లీ దొరకలేదు. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో దాదాపు 3,000 గూడబాతుల్ని చూశారు. 1970ల్లో అదీ ఖాళీ అయింది. తర్వాత కొల్లేటికి తిరిగొచ్చిన పక్షులకు చెట్లు చాలక, ఆటపాకలో అటవీ శాఖ ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటిమీదే గూళ్లు కట్టాయి. 1976లో అభయారణ్యమైన నేలపట్టు చెరువులో కడప అనే రకం చెట్లు నీళ్లలోనే నిలబడి వాటిని మోస్తున్నాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువు కూడా.

తేలినీలాపురంలో 2021 చివర, 2022 మొదట్లో చేపల ద్వారా కడుపులో చేరిన పురుగుల వల్ల గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. మనుషుల వల్ల కూడా నష్టం జరగకుండా, వీటిని చూడాలనుకునేవాళ్లు అక్కడి వాచ్ టవర్ ఎక్కి బైనాక్యులర్‌తో చూస్తే సరిపోతుంది. చెట్టు కిందికి మనిషి వెళ్తే తల్లి గూడు వదిలి లేస్తుంది, ఆ కాస్త వ్యవధి చాలు కాకి గుడ్డు పొడుచుకు తినడానికి.