గులాబీకి తోడేది?

గులాబీ పెంచడం మాకు తెలిసిన పనే అనుకున్నాం. 2021 అక్టోబరులో, డోర్నకల్‌లో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న మా ఇంటి పెరట్లో, ఎండ బాగా తగిలే చోట వరుసగా ఏడు మొక్కలు నాటాం. కడియం నర్సరీల నుంచి వచ్చిన అంటు మొక్కలవి. విజయవాడ-కాజీపేట లైనులో వచ్చేపోయే బండ్ల చప్పుడు వింటూ, ఉదయాన్నే వాటి మధ్య కాసేపు నిలబడి ప్రార్థన చేసుకోవడం మా ఇంటిల్లిపాదికీ అలవాటైంది. ఆదివారం పూసిన పూలను మేము వెళ్లే చిన్న సంఘంలో ప్రభువు బల్ల మీద పెట్టాలన్నది మా ఆశ.

ఆ పాదుల్లో గడ్డిపరకను కూడా మొలవనివ్వలేదు. గులాబీ పక్కన ఇంకో మొక్క ఉంటే దాని బలం లాగేస్తుందని మా నమ్మకం. అద్దంలా ఊడ్చిన ఎర్రమట్టిలో ఏడు మొక్కలు ఏడు రాణుల్లా నిలబడ్డాయి.

జనవరి వచ్చేసరికి మొగ్గల మీద పేనుబంక కమ్ముకుంది. చిగురుటాకులు ముడుచుకుపోయాయి. ఆ ఏడాది ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల మిర్చి రైతులకు నల్ల తామర పురుగు కంటి మీద కునుకు లేకుండా చేసింది. మందు మీద మందు కొట్టినా పూతలో దాగిన పురుగు లొంగలేదు. బంధువుల చేనులో కొట్టగా మిగిలిన మందు డబ్బాను మేము ఇంటికి తెచ్చుకున్నాం. కొలత చూడలేదు, డబ్బా మీద ఏం రాసి ఉందో చదవలేదు. గులాబీలు తడిసి ముద్దయ్యేలా కొట్టేశాం.

మర్నాడు పాదుల్లో తేనెటీగలు చచ్చి పడి ఉన్నాయి. ఎర్రని వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగులు కాళ్లు పైకెత్తి పడి ఉన్నాయి. అయినా మాకు బుద్ధి రాలేదు. ఆ ఆదివారం బల్ల మీద పెట్టినవి ఆ పూలే. ఆరాధన ముగిశాక పిల్లలు తలా ఒక పువ్వు తీసుకున్నారు. అందులో ఒక పసివాడు గులాబీ రెక్కను నోట్లో పెట్టుకోవడం చూసి మా గుండె ఆగినంత పనైంది. పరుగున వెళ్లి వేలితో తీసేశాం, నోరు కడిగించాం. దేవుని దయవల్ల బిడ్డకేమీ కాలేదు. కానీ దేవునికి అర్పణగా విషం పూసిన పువ్వును తెచ్చామన్న మాట ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

తర్వాత మూడు వారాలకే ఆకుల అడుగున ఎర్రనల్లి పుట్టలు పుట్టలుగా పెరిగింది. నల్లిని తిని బతికే చిన్న పురుగులను మేమే చంపుకున్నాం కదా! ఎండలు ముదిరేసరికి ఏడింటిలో మూడు మొక్కలు ఎండిపోయాయి.

పెద్దమ్మ కొంగులోని నారు

మా సంఘంలో గుడి వాకిలి ఊడ్చే పెద్దమ్మ ఒకామె ఉంది. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ప్రతి ఆదివారం తన గుడిసె ముందు పూసిన బంతిపూలు గుప్పెడు తెచ్చి మెట్ల మీద పెడుతుంది. మా గులాబీలు బల్ల మీద, ఆమె బంతులు మెట్ల మీద. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు. అలా ఉండకూడదని కూడా ఎవరికీ తోచలేదు.

తొలకరి జల్లు పడ్డాక ఆమె ఒకరోజు మా పెరట్లోకి వచ్చింది. ఎండిన కొమ్మలను చూసి, “ఏం బిడ్డా, దీన్ని ఒంటిగ నిలబెట్టిన్రు? దీనికి తోడేది?” అని అడిగింది.

“తోడుంటే బలం లాగదా పెద్దమ్మా?” అన్నాం.

“లాగుతది. గంతకు గంత ఇస్తది గూడ” అంది.

మర్నాడు కొంగులో బంతి నారు కట్టుకొచ్చింది. చలి మొదలయ్యాక గుప్పెడు ధనియాలు, కొన్ని ఎల్లిగడ్డ రెబ్బలు తెచ్చి తన చేత్తోనే పాదుల అంచున గుచ్చింది. ఆమె చెప్పినదాన్నీ, ఉద్యాన శాస్త్రం చెప్పేదాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మాకు అర్థమైన సంగతులు ఇవి.

బంతి వేర్ల నుంచి వచ్చే రసాయనాలు నేలలోని వేరుముడి నులిపురుగులను అణచివేస్తాయి. ఒకటి రెండు మొక్కలతో ఆ మేలు దక్కదు. గుబురుగా నాటి, రెండు మూడు నెలలైనా నేలలో ఉంచాలి. పూత అయిపోయాక పీకకుండా మొదట్లో కోసి వేర్లను మట్టిలోనే వదిలేయాలి. ఎండాకాలంలో బంతికి కూడా ఎర్రనల్లి పడుతుంది గనుక ఆకుల అడుగు చూస్తూ ఉండాలి.

కొత్తిమీరను కొంత కోయకుండా పూతకు వదిలేయాలి. ఆ చిన్న తెల్లపూల తేనె కోసం సిర్ఫిడ్ ఈగలు వస్తాయి. వాటి పిల్లలు పేనుబంకను తిని పెరుగుతాయి. అక్షింతల పురుగులూ అక్కడికే చేరతాయి. ఎల్లిగడ్డ వాసన కొన్ని పురుగులను తికమకపెడుతుందని పెద్దలంటారు. అయితే గులాబీ ఆకు మీద వచ్చే నల్లమచ్చ తెగులును అది ఆపుతుందని నమ్మి కూర్చోకూడదు. ఆ తెగులు తడి ఆకు మీద పెరుగుతుంది. కాబట్టి నీళ్లు ఉదయం పూట, ఆకు తడవకుండా మొదట్లో పోయాలి. మచ్చపడి రాలిన ఆకులను ఏరి పారేయాలి. పుదీనా కూడా మంచి తోడే గానీ దాని తీగలు పాదంతా ఆక్రమిస్తాయి. దాన్ని కుండీలో పెట్టి పక్కన ఉంచడం మేలు. సోపును మాత్రం కాస్త దూరంగా ఉంచాలి. పక్క మొక్కలను అది సరిగా ఎదగనివ్వదు.

తోడు మొక్కలున్నాయి కదా అని గులాబీ అవసరాలను మరచిపోకూడదు. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. అడుగున్నర గొయ్యి తీసి, చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటాలి. మొక్కకూ మొక్కకూ రెండు అడుగుల పైన ఎడం ఉండాలి. మన చెల్క నేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది గనుక ఎరువు దండిగా వేయాలి. నల్లరేగడి అయితే నీరు నిలవకుండా మట్టిని ఎత్తు చేసి నాటాలి. అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. దాని కింద నుంచి వచ్చే కొమ్మ అంటుది కాదు, అడుగు మొక్కది. కనిపించిన వెంటనే తీసేయాలి. తోడు మొక్కలను గులాబీ మొదలుకు అడుగు దూరంలో పెట్టాలి. అప్పుడు గాలి ఆడుతుంది. క్రిస్మస్‌కు పూలు కావాలనుకుంటే నవంబరు మొదటి వారంలో కొమ్మలు కత్తిరించాలి. సుమారు 45 రోజుల్లో మొగ్గలు విచ్చుకుంటాయి. పేనుబంక ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ చల్లితే సరిపోతుంది.

ఎండిపోయిన మూడింటి చోట కొత్తవి నాటాం. మిగిలిన నాలుగూ ఆ చలికాలంలోనే కోలుకున్నాయి. పురుగు పూర్తిగా పోలేదు. కానీ దాన్ని తినేవాళ్లు తిరిగి వచ్చారు.

బైబిలు తోటలో ఎవరున్నారు?

షారోను రోజా అని ప్రభువును ప్రేమగా పిలుచుకుంటాం. కానీ మన ఇళ్లలో ఎక్కువగా ఉండే పాత తెలుగు బైబిలు తెరిచి చూస్తే ఆ చోట గులాబీ మాట లేదు. షారోను పొలంలో పూసే పుష్పం అని మాత్రమే ఉంది (పరమగీతము 2:1). ఎడారి పూస్తుందని చెప్పే చోట మన అనువాదకులు కస్తూరి పుష్పం అన్నారు (యెషయా 35:1). రెండు చోట్లా ఉన్న హెబ్రీ మాట ఒక్కటే. అది దుంప నుంచి మొలిచే ఏదో పొలం పువ్వు అయి ఉంటుందని పండితుల అభిప్రాయం.

రాణి పేరు లేదు గానీ, ఆమె చెలికత్తెల పేర్లు మాత్రం ఉన్నాయి! ఇశ్రాయేలీయులు ఐగుప్తును తలచుకుని బెంగపడిన చోట తెల్లగడ్డ ఉంది (సంఖ్యాకాండము 11:5). మనం ఎల్లిగడ్డ అనేది దాన్నే. మన్నా ఎలా ఉందో చెప్పడానికి కొత్తిమీర గింజ ఉంది (నిర్గమకాండము 16:31). పుదీన, సోపు అయితే ప్రభువు నోటనే వచ్చాయి (మత్తయి 23:23). పెరటి ఆకుల్లో కూడా పదో వంతు లెక్కగట్టి ఇస్తూ, న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టిన వారిని ఆయన అక్కడ గద్దించాడు. ఆ వచనం చదివినప్పుడల్లా మాకు బల్ల మీది గులాబీలు, మెట్ల మీది బంతులు గుర్తుకొస్తాయి.

స్నేహితులను అడిగిన అజరయ్య

డోర్నకల్ అనగానే చాలామందికి రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. క్రైస్తవ లోకానికి బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గుర్తొస్తారు. తిరునల్వేలి సీమలో 1874లో పుట్టిన ఆయన 1909లో సువార్త పనికి ఇక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూసేవరకు డోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పడమటి దేశాల పెద్దలతో నిండిన ఆ సభలో ముప్పయ్యారేళ్లు కూడా నిండని అజరయ్య లేచి నిలబడ్డారు. మిషనరీలు ఈ దేశంలో చేసిన త్యాగాలకు వందనాలు చెప్పారు. ఆ పైన, వినేవారికి ముల్లులా గుచ్చుకునే మాట ఒకటి అడిగారు. మీరు దానం చేశారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ఇంకా కావలసింది స్నేహితులు అన్నది ఆ మాటల సారాంశం. పైనుంచి ఇచ్చే చెయ్యి కాకుండా పక్కన నిలబడే తోడును ఆయన అడిగారు.

ఊరి చివర వాడల్లో బతికిన మాల, మాదిగ కుటుంబాలే ఈ మేత్రాసనానికి పునాది. వారి మధ్య లేచిన ఎపిఫనీ కెథెడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. దక్షిణాది ఆలయ మండపాన్ని తలపించే స్తంభాలు, గుమ్మటాలు, మినార్లు అన్నీ ఆ ఒక్క కట్టడంలో కలిసి నిలబడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి ఉన్నందుకు దేని అందమూ తగ్గలేదు.

మెట్ల మీద పూలు లేని ఆదివారాలు

2022 క్రిస్మస్‌కు మా గులాబీలనూ పెద్దమ్మ బంతిపూలనూ కలిపి ఒకే పళ్లెంలో బల్ల మీద పెట్టాం. ఆమె దూరం నుంచి చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేము ఏదో గొప్ప పని చేశామనుకున్నాం.

రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం బంతిపూలు రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. మూడో ఆదివారం మాలో ఒకరికి అనుమానం వచ్చి అడిగితే, పెద్దమ్మ ఎక్కడుందో సంఘంలో ఎవరికీ తెలియదు. పూలు రాలేదని గమనించాం గానీ మనిషి రాలేదని గమనించలేదు! వెళ్లి చూస్తే జ్వరంతో పడి ఉంది. పక్కింటి వాళ్లు పోసిన గంజి తాగి రోజులు వెళ్లదీస్తోంది. మా గులాబీకి తోడు తెచ్చిచ్చిన మనిషికి తోడు లేదు.

ఆసుపత్రికి తీసుకెళ్లాం. వారం రోజుల్లో లేచి కూర్చుంది. “మీకు పనులుంటయి గద బిడ్డా” అని మమ్మల్నే ఓదార్చింది. ఆమె నిందించి ఉంటే మాకు ఇంత బాధ ఉండేది కాదు. అప్పటి నుంచి సంఘంలోని కుటుంబాలు వంతులవారీగా ఆమె ఇంటికి వెళుతున్నాయి. ఆ వంతు ఒక్కో వారం తప్పిపోతోందన్నదీ నిజమే. తప్పినప్పుడు ఒకరినొకరం గుర్తు చేసుకుంటున్నాం.

కన్ను చేతిని చూసి నీతో నాకు పని లేదని అనలేదని, తక్కువ ఘనత గలవిగా కనిపించే అవయవాలకే దేవుడు ఎక్కువ ఘనత కలిగించాడని అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి రాశాడు (1 కొరింథీయులకు 12:21-24). ఒంటరిగా పడినవాణ్ని లేపేవాడు లేకపోవడం ఎంత దురవస్థో ప్రసంగి చెప్పాడు (ప్రసంగి 4:10). ఈ మాటలు ఎన్నోసార్లు విన్నాం. కానీ ఎండిపోయిన మూడు గులాబీలు, పూలు లేని మూడు ఆదివారాలు మాకు వాటిని నేర్పాయి.

ఈ చలికాలంలో మీ పెరట్లో గులాబీ నాటితే దాని పాదు అంచున బంతి నారు పెట్టండి, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు గుచ్చండి, కొత్తిమీరను పూయనివ్వండి. ఆదివారం గుడికి వెళ్లినప్పుడు వెనక వరుసను ఒకసారి చూడండి. అక్కడ రోజూ కనబడే మనిషి కనబడకపోతే, మధ్యాహ్న భోజనానికి ముందే వారి ఇంటి తలుపు తట్టండి.