బండి ఎత్తుకోవడం లేదా? బోరు చేయించే ముందు చిన్న జెట్టు చూడండి

గుంటూరు - ఒంగోలు నడుమ 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఊళ్లున్నవారికి ఈ అనుభవం కొత్త కాదు. వెనుక మనిషి, ముందు మందు డబ్బా. డొంక దారి నుంచి రోడ్డెక్కబోతూ ఎక్సలేటర్ తిప్పుతారు. బండి వెంటనే కదలదు. ‘బూ’మని ముక్కి, ఒక్క క్షణం చచ్చినట్టై, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చిలకలూరిపేట వైపు నుంచి లారీ వస్తూంటే ఆ ఒక్క క్షణమే ప్రాణం మీదికి తెస్తుంది.

కుర్రకారు మోజుపడి కొనే పికప్ బళ్లలోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 బళ్లు పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయి. 2001లో మొదలైన పల్సర్లలో కార్బొరేటర్ ఉన్న పాతవీ తక్కువేమీ కాదు. నలభై దాటాక ఇవి గాలిలా పోతాయి. గోలంతా కింది స్పీడులోనే.

బండి ముక్కగానే చాలామంది నోట వచ్చే మాట ‘బోరు పోయింది’ అని. బోరు, పిస్టన్ అంటే వేలల్లో ఖర్చు. బోరు నిజంగా అరిగితే పై స్పీడులోనూ బలం తగ్గుతుంది. పైన బాగా లాగుతూ కిందే ముక్కే బండికి ఇంజను విప్పనక్కర్లేదు. ఇంజను అరుస్తూ బండి మాత్రం కదలకపోతే అది క్లచ్ జారడం, ఆ వైద్యం వేరు.

కార్బొరేటర్‌లో పెట్రోలుకు దారులు వేరువేరుగా ఉంటాయి. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు పనిచేసేది మెయిన్ జెట్టు. మధ్యలో సూది. తిప్పీ తిప్పనట్టు ఉన్నప్పుడు, అంటే మొదటి ఎనిమిదో వంతు వరకు, భారమంతా స్లో జెట్టు మీదే. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వానాకాలమంతా వసారాలో నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆరి జిగురు కడితే మొదట మూసుకుపోయేది ఇదే. పెట్రోలులో కలిసే ఇథనాల్ 2022 నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బర్లను మెత్తబరుస్తుంది. పైగా అదే జెట్టుతో మిశ్రమం కాస్త పలచబడుతుంది. అందుకే నెలల తరబడి బండి తీయనివారు కార్బొరేటర్ కింది స్క్రూ వదులు చేసి పెట్రోలు దించేయడం మంచిది.

జబ్బు ఏదో తెలుసుకోవడానికి ఓ తేలిక పరీక్ష ఉంది. ఇంజను వేడెక్కాక చోక్ సగం లాగి ఎక్సలేటర్ తిప్పాలి. ముక్కుడు తగ్గితే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా ముక్కితే పెట్రోలే ఎక్కువవుతోంది. ప్లగ్ విప్పి చూసినా కొంత తెలుస్తుంది. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, నల్లగా మసి పడితే ఎక్కువ.

పెట్రోలు చాలనప్పుడు జెట్టు కన్నా ముందు కార్బొరేటర్‌కూ ఇంజనుకూ నడుమ ఉండే రబ్బరు చూడాలి. ఎండకు పగిలిన రబ్బరు దొంగగాలి పీలుస్తుంది. బండి స్లోలో ఆడుతుండగా దానిపై కాసిని నీళ్లు చిలకరిస్తే, చీలిక ఉన్నచోట నీళ్లు లోపలికి పోయి ఇంజను శబ్దం మారుతుంది. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద అది చితి పేర్చుకోవడమే.

రబ్బరు బాగుంటే స్లో జెట్టు విప్పి పెట్రోలులో నానబెట్టి, పంక్చర్ షాపు గాలితో ఊదించాలి. వెలుతురుకు పెట్టి చూస్తే గుండ్రంగా చుక్క కనబడాలి. పిన్నీసుతో పొడవడం మన ఊళ్లలో మానని అలవాటు. జెట్టు మెత్తటి ఇత్తడి. ఒక్క పోటుతో రంధ్రం పెద్దదై, పెట్రోలు చాలని బండి తాగుబోతు బండి అవుతుంది. మొండిగా ఉంటే సన్నటి గేలం దారపు పోగు చాలు.

తర్వాత ట్యూనింగ్ స్క్రూ. చాలా బళ్లు ఇక్కడే చెడతాయి. ఆర్‌ఎక్స్ 100లో అది గాలి స్క్రూ. లోపలికి తిప్పితే పెట్రోలు ఎక్కువ, బయటికి తిప్పితే తక్కువ. ఇంజను వైపు స్క్రూ ఉండే చాలా కార్బొరేటర్లలో ఇది పూర్తిగా తలకిందులు. ఒక బండి లెక్క ఇంకో బండికి వేసి చెడగొట్టినవారు ఎందరో. సున్నితంగా చివరి వరకు బిగించి ఒకటిన్నర చుట్లు వదలడం మామూలు లెక్క. అక్కడి నుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, బండి తేటగా ఆడేచోట ఆపాలి.

పల్సర్ రకం కార్బొరేటర్‌లో పైమూత కింద పలచటి రబ్బరు పొర ఉంటుంది. దానికి సూదిమొనంత చిల్లు పడినా లోపలి పిస్టన్ సరిగా లేవదు. వెలుతురుకు పట్టి చూస్తే చాలు.

పెట్రోలు ఎక్కువయ్యే బండికి మొదటి అనుమానం ఎయిర్ ఫిల్టర్ మీదే. పత్తి, మిరప కళ్లాల దుమ్ము ఆరు నెలల్లో దాన్ని మూసేస్తుంది. ఇక పికప్ వస్తుందని ఫిల్టరే పీకేసి, సైలెన్సర్ మార్చి తిరిగే యువకుల సంగతి వేరు. శబ్దం వస్తుంది. గాలి పెరిగి పెట్రోలు పెరగక, కింది స్పీడులో ముక్కడమూ వస్తుంది. కొత్త జెట్లు కొనేకన్నా పాత ఫిల్టర్ తిరిగి పెట్టడమే చౌక.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బొరేటరే లేదు. వాటికి స్క్రూల జోలికి పోకుండా, మీటరులో ఇంజను దీపం వెలుగుతోందేమో చూసి షోరూముకు తీసుకెళ్లాలి.

అన్నింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. ఎక్సలేటర్ తీగ వదులు చూసుకోవడం. పిడి రెండు మూడు మిల్లీమీటర్లు ఊరికే తిరిగితే సరే. అంతకన్నా ఎక్కువుంటే పిడి దగ్గరి నట్టు తిప్పి సరిచేసుకోవచ్చు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు ఇంజను శబ్దం పెరగకూడదు. పెరిగితే తీగ మరీ బిగిసిందని లెక్క.