డేటాబేస్ అనువర్తనాన్ని కంపైల్ చేయడంలో జాగ్రత్తలు: పశ్చిమ ప్రకాశం మెట్ట సేద్యపు గణాంకాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలో కంది, పత్తి, మిరప సాగు ఎక్కువగా వర్షంపైన, బోరుబావులపైన ఆధారపడి ఉన్నది. ఇటువంటి మెట్ట ప్రాంతంలో వర్షపాతం, విత్తిన తేదీ, బోరు నీటి లోతు మండలాల వారీగా ఏళ్ల తరబడి నమోదైతేనే ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికకు ఆధారం లభిస్తుంది. ఈ వివరాల కొరకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో చిన్న అనువర్తనం రూపొందించుకొనడం కష్టమేమీ కాదు. దానిని కంపైల్ చేసి క్షేత్ర సిబ్బందికి అందజేసే దశలోనే చిక్కులు ఎదురవుతాయి. కంపైలరు కోడ్‌లోని భాషను మాత్రమే పరీక్షిస్తుందనీ, లెక్క నిజమో కాదో దానికి తెలియదనీ మొదటే గ్రహించాలి.

ప్రతి మాడ్యూలు ఆరంభంలో ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ అని ప్రకటించాలి. లేనిచో ‘వర్షం’ అనే చరరాశి పేరులో ఒక అక్షరం తప్పినా యాక్సెస్ దానిని కొత్త చరరాశిగా స్వీకరిస్తుంది. కంపైల్ నిరాటంకంగా పూర్తవుతుంది, ఫలితం మాత్రం ఖాళీగా వస్తుంది. మరొక సాధారణ సమస్య, ఒక కంప్యూటరులో సక్రమంగా పనిచేసిన ఫైలు మరొకదానిలో ‘లెఫ్ట్’, ‘డేట్’ వంటి అతి సామాన్యమైన ఫంక్షన్ల వద్ద ఆగిపోవడం. దోషం ఆ ఫంక్షన్లలో ఉండదు. టూల్స్ మెనూలోని రిఫరెన్సుల జాబితాలో ‘మిస్సింగ్’ అని గుర్తించబడిన లైబ్రరీని సరిచేసిన తరువాతే మళ్లీ కంపైల్ చేయాలి.

పంపిణీకి ఏ.సి.సి.డి.ఇ. రూపం అనువైనది. అయితే 64 బిట్ ఆఫీసులో తయారైన ఏ.సి.సి.డి.ఇ. 32 బిట్ ఆఫీసులో తెరుచుకోదు. అటుది ఇటు కూడా అంతే. అందులోని ఫారములను, నివేదికలను, కోడ్‌ను సవరించే వీలుండదు కనుక మూల ఫైలును తేదీతో సహా భద్రపరచాలి. దత్తాంశ పట్టికలను వేరే ఫైలులో ఉంచితే, అనువర్తనాన్ని మార్చిన ప్రతిసారీ సిబ్బంది నమోదు చేసిన వివరాలకు ముప్పు ఉండదు.

తెలుగులో పనిచేసేవారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటున్నది. వి.బి.ఎ. ఎడిటరు యూనికోడ్‌ను స్వీకరించదు. కోడ్‌లో ‘గిద్దలూరు’ అని వ్రాస్తే ప్రశ్నార్థకాలే మిగులుతాయి. పట్టికలలో మాత్రం తెలుగు నిక్షేపంగా నిలుస్తుంది. కాబట్టి మండలాల పేర్లు, తెరపై కనిపించే సూచనలు అన్నీ పట్టికలోనే ఉంచి, కోడ్ అక్కడి నుండి చదువుకొనేటట్లు చేయాలి.

దీనివలన మరొక ప్రయోజనం కూడా ఉన్నది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు పూర్వం కర్నూలు జిల్లాలోనివి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాకు, చీరాల, పర్చూరు, అద్దంకి ప్రాంతాలు బాపట్ల జిల్లాకు వెళ్లాయి. జిల్లాల జాబితాను కోడ్‌లో బిగించినవారు ఇటువంటి ప్రతి మార్పుకూ తిరిగి కంపైల్ చేయవలసినదే. ప్రతి మండలానికి ఒక సంఖ్యా సంకేతమిచ్చి, అది ఏ జిల్లాలో ఎప్పటి నుండి ఎప్పటి వరకు ఉన్నదో పట్టికలో చూపడం మేలు. లేనిచో 2022కు ముందు, తరువాత ‘ప్రకాశం జిల్లా సగటు వర్షపాతం’లో కనిపించే తేడాను విద్యార్థి వాతావరణ మార్పుగా వ్యాఖ్యానించే ప్రమాదమున్నది, మారినది సరిహద్దు. మార్కాపూర్, మార్కాపురం, కంభం, కంబం వంటి రూపభేదాల చిక్కు కూడా సంఖ్యా సంకేతంతో తొలగుతుంది.

కంపైల్‌కు ఎంతమాత్రం చిక్కని దోషాలలో తేదీది అగ్రస్థానం. కోడ్‌లో పేర్చిన ఎస్.క్యు.ఎల్. వాక్యంలోని తేదీని యాక్సెస్ అమెరికా పద్ధతిలో, నెల ముందుగా చదువుతుంది. జులై 5న విత్తిన కందిని 05/07 అని పంపితే మే 7గా నమోదవుతుంది. 15/07 మాత్రం సరిగానే నిలుస్తుంది, 15వ నెల లేదు కనుక. ఈ విధంగా నెలలో మొదటి 12 రోజుల తేదీలు, రోజు నెల ఒకే అంకె అయినవి తప్ప, తారుమారై మిగిలినవి సక్రమంగా ఉండడం వలన తప్పు వెంటనే బయటపడదు. తొలకరికి ముందే విత్తినట్లు చూపే పట్టిక ఆధారంగా విత్తే సమయంపై సిఫార్సు చేస్తే, నష్టపోయేది రైతు. తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో గాని, పారామీటరు క్వెరీ ద్వారా గాని పంపాలి.

వర్షపాతంలో సున్నకు, ఖాళీకి గల భేదం కూడా ఇటువంటిదే. వాన పడని రోజు సున్న. కొలవని రోజు ఖాళీ. ‘ఎన్‌జెడ్’ ఫంక్షన్‌తో ఖాళీలన్నిటినీ సున్నలుగా మార్చితే దోష సందేశాలు ఆగిపోతాయి గాని, వర్షమాపకం చెడిన రెండు వారాలు బెట్ట కాలంగా లెక్కలోకి ఎక్కుతాయి. 2.5 మి.మీ. లేదా అంతకు మించి కురిసిన రోజునే వర్షపు దినంగా పరిగణిస్తారు కనుక, ఈ సున్నలు వర్షపు దినాల సంఖ్యను కూడా తారుమారు చేస్తాయి.

అందువలన ఒక మండలానికి సంబంధించిన ఒక నెల వివరాలను చేతితో లెక్కకట్టి ఉంచుకోవాలి. అందులో 12వ తేదీకి ముందువి, తరువాతివి, సున్నలు, ఖాళీలు అన్నీ ఉండేటట్లు చూడాలి. కంపైల్ చేసిన ప్రతిసారీ, పంపిణీకి ముందు, 32 బిట్ యంత్రంపైన, 64 బిట్ యంత్రంపైన దీనినే నడిపి, రెండు ఫలితాలనూ చేతి లెక్కతో సరిచూడాలి.